పందెంలో పెళ్ళిగుర్రం

యాదలక్ష్మి నాతో మాట్లాడిన మొదటి మాట, "ఆపు!"

అప్పుడు నేను హుజూర్‌నగర్‌లో ఒక పెళ్ళి బరాత్‌లో ట్రంపెట్ వాయిస్తున్నాను. మా బాపు నర్సింహ బ్యాండు మాస్టరు. ఆయన చెయ్యెత్తితే పన్నెండు మందిమి మొదలుపెడతాం, దించితే ఆపుతాం. నడిరోడ్డు మీద ఎవరో అమ్మాయి ఆపమంటే ఆపే అలవాటు మా బ్యాండులో లేదు. అందుకని ఇంకొంచెం గట్టిగా ఊదాను.

"ఓ ఎర్రకోటు! నిన్నే. చెవుడా?"

"పన్నెండు ఎర్రకోట్లున్నయ్. ఎవరిని అంటున్నవ్?"

"బుగ్గలు బూరెల్లెక్క ఉబ్బిచ్చినోన్ని!"

తిరిగి చూస్తే తెల్లగుర్రం కళ్ళెం పట్టుకొని ఆమె. గుర్రం మీద జీనును రెండు చేతులా పట్టుకొని పెళ్ళికొడుకు. గుర్రం మాత్రం హాయిగా ఉన్నచోటే ముందరి కాళ్ళు ఒకటి తరువాత ఒకటి ఎత్తుతూ ఆడుతోంది.

"మీరు ఊదినంతసేపు మా చమేలీ నడవది. గంట సంది గీ కిరాణా దుకాణం ముంగటనే ఉన్నం. పెళ్ళికొడుకు మొకం జర చూడు, ఏడ్వబట్టె."

నిజమే. పెళ్ళిగుర్రాలకు అలా నేర్పుతారు. బ్యాండు మోగితే ఆగి ఆడాలి. లేకపోతే ముందర డాన్సులు చేసేవాళ్ళ మీదికి పోతుంది. బ్యాండు ఆగితే మళ్ళీ నడక. నేను ట్రంపెట్ దించాను, నన్ను చూసి మిగతావాళ్ళూ ఆపారు. బాపు ఉరిమి చూశాడు. చమేలీ బుద్ధిగా నడిచింది.

యాదలక్ష్మి థాంక్స్ చెప్పలేదు. పక్కనుంచి పోతూ "గట్లుండాలె" అంది. అంతే. ఫంక్షన్ హాలు చేరేసరికి పెళ్ళికొడుకు కంటే నా పరిస్థితే అధ్వానంగా ఉంది.

ఆ తరువాత మూడు నెలల్లో నాలుగు పెళ్ళిళ్ళలో కలిశాం. ఐదో పెళ్ళికి గుర్రం రాలేదు, పూలు కట్టిన ఓపెన్ జీపు వచ్చింది. ఆరో పెళ్ళికి గుర్రం లేదు, మేమూ లేము, డీజే బండి వచ్చింది. మా బ్యాండు కరపత్రం మీదికి గుర్రం ఫొటో కావాలనే వంక పెట్టుకొని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

యాదలక్ష్మి నాయిన ఎల్లస్వామి వాకిట్లో గడ్డి కోస్తున్నాడు. విషయం విని తల కూడా ఎత్తలేదు.

"ఫొటో తీసుకుంటే ఇప్పుడే తీసుకో. ఈ ముహూర్తాలు అయిపోంగనే దాన్ని అమ్ముతున్న. పెళ్ళిళ్ళే పిలుస్తలేవు, గడ్డి తినుడు తప్ప దానికేం పనున్నది?"

యాదలక్ష్మి చమేలీ మెడ మీద చెయ్యేసి నిలబడి ఉంది. చమేలీ తల్లిపాలు తాగే పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె చేతిలోనే పెరిగింది. ఆ రోజు ఆమె ముఖంలో వెటకారం లేదు. నన్ను గేటు దాకా పంపడానికి వచ్చినట్టు వచ్చి మెల్లగా అంది.

"నాయినతోని మాట తీసుకున్న. సయ్యదుల గుట్ట ఉర్సు పందెంల చమేలీ మొదటి మూడిట్ల వస్తే అమ్మడు."

"ఆ పందెంల మగ గుర్రాలే కదా ఉరికేది?"

"ఇప్పటిదాక," అంది యాదలక్ష్మి.

సయ్యదుల గుట్ట దర్గాకు ఏటా జరిగే ఉర్సు జాతరలో గుర్రాల పందెం మా వైపు చిన్న విషయం కాదు. కృష్ణ ఒడ్డు ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. ఆలంపూర్ వైపు నుంచి కూడా లారీల్లో గుర్రాలు దిగుతాయి. కమిటీ పెద్ద హమీద్ తాత. యాదలక్ష్మికి గుర్రం ఎక్కడం నేర్పింది కూడా ఆయనే. మరునాడు ఆయన దగ్గరికి ఆమె వెళ్ళింది. నేనెందుకు వెంటపోయానో నన్నడగకండి.

"ఆడగుర్రం ఇప్పటిదాక ఉరకలే బేటీ."

"ఉరకొద్దని ఎక్కడన్న రాసున్నదా తాతా?"

"రాసి లేదు. ఆడగుర్రం ముంగటుంటే మగ గుర్రాలు పక్కచూపులు చూస్తయని మా పెద్దోళ్ళు అనేటోళ్ళు."

"చూసేటియి వాటి కండ్లకు గంతలు కట్టుకోవాలె. మా చమేలీ ఇంట్ల ఎందుకుండాలె?"

అంటూ నా వైపు తిరిగింది. నేను వెంటనే గోడ మీది క్యాలెండర్‌లోకి చూశాను.

"హైదరాబాద్ రేసులల్ల ఆడగుర్రాలు మగవాటితోని ఉరుకుతలేవా? డెర్బీ పందేలు గెలిచినయ్ గూడ."

హమీద్ తాత గడ్డం నిమురుకున్నాడు. ఆయనకు గుర్రాల మీద ప్రేమ ఎక్కువ, మనుషుల మాటంటే భయం ఎక్కువ. "అక్కడ ఆడగుర్రానికి సాయంగ మీద బరువు జర తక్కువ పెడతరు. మేం ఇరవై అడుగులు ముంగట నిలబెడతం. ఒప్పుకుంటే పేరు రాస్త."

"వద్దు తాతా. అందరితోని ఒకటే గీత మీదికెల్లి."

"తీసుకో, ఏం పోతది?" అన్నాను నేను, మంచి చేస్తున్నాననుకొని.

బస్టాండు దాకా ఆమె నాకంటే పది అడుగులు ముందే నడిచింది. బస్సెక్కే ముందు తిరిగింది. "ఇరవై అడుగులు తీసుకొని గెలిస్తే, మేమిచ్చినం గదా అంటరు. చమేలీ ఉరికిందని ఎవరంటరు? నీకేం తెలుసు, గాలి ఊదుడు తప్ప."

హమీద్ తాత మాత్రం ఆమె చెప్పినట్టే పేరు రాసుకున్నాడు.

రెండు రోజుల తరువాత తనే ఫోన్ చేసింది. "పందెంల మీ బ్యాండే కదా వాయించేది?"

"ముప్ఫై ఏండ్ల సంది. ఆఖరి మలుపుల గుర్రాలు కనబడంగనే మొదలుపెడతం."

అంటుండగానే నాకు వెలిగింది. బ్యాండు మోగితే చమేలీ ఆగుతుంది. ఆగి ఆడుతుంది. మిగతా గుర్రాలు పోతూ ఉంటాయి.

"బాపుకు చెప్పి ఆ రోజు వాయించకుంట చేస్త," అన్నాను.

"మల్ల అదే! ఇరవై అడుగుల ముచ్చటనే. మీ బ్యాండు మోగాలె, ఇది ఉరకాలె. పొద్దుగాల కాలువ కాడికి వస్తవా?"

అలా సాగర్ కాలువ పక్కన బీడులో మా ప్రాక్టీస్ మొదలైంది. ఒక చివర నేను, ట్రంపెట్, జేబులో బెల్లం. రెండో చివర చమేలీ మీద యాదలక్ష్మి. నేను ఊదితే చమేలీ నా దగ్గరికి రావాలి, వస్తే బెల్లం పెట్టాలి. ఇదీ మా పథకం. పది రోజుల పాటు నేను ఊదడం, అది ఆగి ఆడటం, ఆమె నన్ను తిట్టడం. పదకొండో రోజు నాలుగడుగులు వేసింది. ఇరవయ్యో రోజుకు మొదటి స్వరం వినగానే చెవులు నిక్కించి ఉరికొచ్చేది.

ఒక పొద్దున చెప్పాపెట్టకుండా వాన పడింది. చుట్టూ చెట్టు లేదు, గోడ లేదు. యాదలక్ష్మి దిగి, జీను మీది మఖ్మల్ గుడ్డ లాగి నెత్తిన పట్టుకుంది. ఒక అంచు నాకిచ్చింది. చమేలీ మా ఇద్దరి మధ్య మూతి పెట్టింది.

"ఇది పెళ్ళికొడుకులు కూసునే గుడ్డ, తెలుసా?" అంది.

"అయితే నాకు సరిపోతది."

"పెళ్ళికూతురేది మరి?"

చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. బ్యాండులో పన్నెండు మందిలో గట్టిగా ఊదేవాణ్ణి, ఆ క్షణంలో నాకు గాలే రాలేదు. "వాన తగ్గింది, పోదాం," అన్నాను. తగ్గలేదు. ఆమె నవ్వీ నవ్వనట్టు చూసి గుర్రమెక్కింది. ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఉర్సు వచ్చింది. గుట్ట కింద జనం, జెండాలు, మిర్చీబజ్జీల బండ్లు. తొమ్మిది గుర్రాలు. ఎనిమిది మగవి, ఒకటి చమేలీ. అవి దూరంగా మొదలయ్యే చోటికి వెళ్ళిపోయాయి. మేం ఎర్రకోట్లతో ప్రతి ఏడూ నిలబడే చోట, పచ్చజెండా దగ్గర నిలబడ్డాం. ట్రంపెట్ తుడుచుకుంటూ పక్కకు చూశాను.

గెలుపు గీత ఇంకా వంద అడుగుల అవతల ఉంది.

చిన్నప్పటినుంచి నేను ఇక్కడే నిలబడుతున్నాను. ఆ గీత అక్కడే ఉంటుంది. ఒక్కనాడు ఆలోచించలేదు. నేను ఊదితే చమేలీ నా దగ్గరికి వస్తుంది. అంటే, గీతకు వంద అడుగుల ముందే ఆగిపోతుంది! నెల రోజులు కష్టపడి మేం దానికి నేర్పింది ఇది.

"బాపూ, నేను గీత అవతలికి పోత."

"బ్యాండు ఇడిసిపెట్టా? ముప్ఫై ఏండ్లల ఒక్కడన్న లైను దాటిండా?"

"ఆ తెల్లగుర్రం నా ట్రంపెట్ విని నా దగ్గరికే వస్తది బాపూ. ఈడుంటే ఈడనే ఆగుతది. మూడిట్ల రాకుంటే దాన్ని అమ్ముతరు."

"గుర్రం నీ దగ్గరికెందుకొస్తది?"

డ్రమ్ములవాళ్ళు కిసుక్కుమన్నారు. బాపు నా ముఖంలోకి చూశాడు. "గుర్రమేనా?"

"మీదున్నామె గూడ వస్తే బాగుండు," అన్నాను. యాదలక్ష్మికి చెప్పలేని మాట, ప్రపంచంలో మొదటిసారి మా బాపుకు చెప్పాను.

ఆయన గీత వైపు చూశాడు. "కోటు ఇప్పి పో. నా బ్యాండోడు లైను దాటిండని ఎవరనొద్దు."

విప్పి ఆయన చేతిలో పెట్టాను. లోపల చిరిగిన బనీను. వేలమంది చూస్తుండగా ఆ బనీను మీద, ట్రంపెట్ పట్టుకొని ఉరికి, గీత దాటి నిలబడ్డాను. జనం ఈలలు వేశారు. వేయనీ అనుకున్నాను.

దుమ్ము లేచింది. మలుపులో గుర్రాలు కనబడ్డాయి. చమేలీ ఐదోది. యాదలక్ష్మి దాని మెడ మీదికి వంగి ఉంది. బాపు చెయ్యెత్తాడు, బ్యాండు మోగింది. చమేలీ చెవులు కదిలాయి, అడుగు తడబడింది. ముందరి కాలు పైకి లేవబోయింది.

నేను ఊదాను. మొదటి స్వరం పగిలిపోయింది. రెండోది పలికింది. కాలువ గట్టున రోజూ ఊదిన పాట.

చమేలీ ఆ కాలు ఆడటానికి దించలేదు, ఉరకడానికి దించింది. పచ్చజెండా దాటింది. ఒక గోధుమరంగు గుర్రాన్ని దాటింది. ఇంకో నల్లదాని పక్కకు వచ్చింది, మెడ మెడ కలిసింది, తల ముందుకు పెట్టింది. మూడోది! హమీద్ తాత మైకులో "మూడోది చమేలీ, చమేలీ!" అని అరిచి, కమిటీ పెద్దనని గుర్తొచ్చి దగ్గాడు.

మిగతా గుర్రాలను వాటి మనుషులు పట్టుకున్నారు. చమేలీ ఎవరికీ చిక్కలేదు. నేరుగా నా మీదికి వచ్చి, మూతితో నడుమంతా వెతికి, ఏమీ దొరక్క ఒక్క తోపు తోసింది. నేను దుమ్ములో కూలబడ్డాను.

"బెల్లమేది?" అంది పైనుంచి యాదలక్ష్మి, రొప్పుతూ.

"కోట్ల ఉన్నది."

"కోటేది?"

"బాపుకిచ్చిన. కోటు మీద లైను దాటొద్దన్నడు."

ఆమె వెనక్కి తిరిగి బ్యాండు నిలబడ్డ చోటు చూసింది, గీత చూసింది. ఏం జరగబోయిందో అప్పుడు తెలిసింది ఆమెకు. కళ్ళు నిండాయి.

"నాకు నువ్వంటే ఇష్టం," అన్నాను కింద కూర్చొనే. "వాన పడ్డనాడే చెప్పాల్సింది."

"తెలుసు. వాన ఎక్కడ తగ్గింది ఆ రోజు?" అంది.

ఇంతలో ఎల్లస్వామి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయన వెనక హమీద్ తాత, ఆ వెనక మా బాపు.

"ఇంత మందిల గుర్రం వీని దగ్గరికే ఎందుకొచ్చింది? హమీద్ తాత ప్రాక్టీస్ చేపిస్తుండంటివి గదనే?" అని ఎల్లస్వామి కూతుర్ని నిలదీశాడు.

హమీద్ తాత గుట్ట మీది జెండాను శ్రద్ధగా చూడసాగాడు.

"సరే. మూడోది వచ్చింది, మాటంటే మాటే. చమేలీ ఉంటది." ఎల్లస్వామి గుర్రం మెడ తట్టాడు. తడుతూ తడుతూ ఆగిపోయాడు. "కని బ్యాండు మోగితే ఉరుకుడు నేర్పిచ్చినరు దీనికి. ఇగ ఏ పెళ్ళికొడుకు ఎక్కుతడే దీన్ని?"

అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇది కూడా మేం ఆలోచించలేదు.

యాదలక్ష్మి గుర్రం దిగింది. నాకు చెయ్యిచ్చి లేపింది. లేపిన చెయ్యి వదలలేదు.

"ఒక్కడున్నడు నాయినా. ఇది ఉరికేది ఈయన ఊదితేనే. ఊదకుంట కూసుంటే మెల్లగనే నడుస్తది."

ఎల్లస్వామి నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. దుమ్ము, చెమట, చిరిగిన బనీను. చాలాసేపు చూశాడు. తరువాత మా బాపు వైపు తిరిగాడు.

"బావా," అన్నాడు, "ముందుగాల పిల్లగానికి అంగి తొడుగు. ఆనక మాట్లాడుకుందాం."