గట్టిగా చదవండి

"చూశాను, బాగుంది. ప్రింట్ వేసేయండి," అన్నాడు బాలచందర్ తమిళంలో.

"చూస్తే చాలదు సార్. గట్టిగా చదవాల," అంది మునీశ్వరి తెలుగులో.

అతను ఉలిక్కిపడ్డాడు. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో, ఇంకు వాసన కొట్టే ఆ ఫ్లెక్స్ షాపులో ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వినబడుతుందని అతను అనుకోలేదు.

"మీ మామ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మన మాటే మాట్లాడినారు. మాది ఎట్టయాపురం పక్క పల్లె," అంటూ ఆమె కంప్యూటర్ స్క్రీన్‌ను అతని వైపు తిప్పింది. "ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదవండి. నేను వింటాను. ఇద్దరికీ సరిపోతేనే ప్రింటు."

విరుదునగర్‌లో ఉన్న అతని మేనమామ గోవిందరాజ్ తన మనవడికి చెవులు కుట్టిస్తున్నాడు. ఆ వేడుకకు పన్నెండడుగుల బ్యానర్. సరిచూసే పని ఊళ్ళో ఉన్న బాలచందర్‌కు అప్పగించాడు. నాలుగు మూలలా నాలుగు ఏనుగులు, సింహాసనం మీద ఏడాది పిల్లవాడు, కింద వరసగా చుట్టాల ఫోటోలు. పిల్లవాడి పక్కనే, వాడికి రెండింతలు పెద్దగా, తెల్ల చొక్కా నల్ల టై వేసుకున్న బాలచందర్. అతని భుజం వెనక ఒక విమానం పైకి లేస్తోంది.

"నా ఫోటో ఇంత పెద్దగా ఏంటికి?"

"నేనూ అదే అడిగినాను. చెవులు కుట్టేది పిల్లోడికి కదా అని. మీ మామ వినలేదు. మీ చెవుల చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించేదానికే నాకు అరగంట పట్టింది."

బాలచందర్ చెయ్యి తెలియకుండానే చెవి మీదకు పోయింది. ఆమె స్క్రీన్ వైపే చూస్తోంది గాని పెదవుల కొసన నవ్వు దాగలేదు.

అతను చదవడం మొదలుపెట్టాడు. తాతలు, పెద్దమ్మలు, బావలు. ఒకచోట ఇనిషియల్ తప్పు పడితే తనే పట్టుకున్నాడు. తన ఫోటో దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"చదవండి."

వేలు అక్కడే ఉంది.

"కెప్టెన్ బాలచందర్," అని ఆమె అందించింది. "తప్పా?"

"ఆ మొదటి మాట తీసేయండి."

"మీ మామ అడిగితే?"

"నేను కెప్టెన్ కాదు, కో-పైలట్‌ని. అదీ ఉంటుందో లేదో." అతను ప్రింటింగ్ మిషన్ వైపు చూస్తూ అన్నాడు. "పోయిన వారం చెక్ పరీక్షలో ఫెయిలయినాను."

అన్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఇంట్లో లీవు అని చెప్పాడు. అమ్మకు చెప్పలేదు, మామకు చెప్పలేదు. వారం రోజులుగా గొంతులో ఉన్న మాట, పేరు కూడా తెలియని మనిషి ముందు బయటపడింది.

ఆమె అయ్యో అనలేదు. ఎందుకు, ఎలా అని అడగలేదు. మాట తీసేసింది.

"ఖాళీ మిగిలిపోయింది. పేరు పెద్దది చేసేదా?"

"చిన్నది చేయండి."

ఈసారి ఆమె నవ్వేసింది. వెళ్ళేముందు అతను ఆమె పేరు అడిగాడు.

*

రెండు రోజుల తరవాత పెన్ డ్రైవ్ పట్టుకుని మళ్ళీ వచ్చాడు. తెరిచి చూస్తే వందల మీటలు, గుండ్రటి అద్దాలు, లివర్లు.

"ఇది ఏ ఫంక్షన్‌కి?" అంది మునీశ్వరి.

"కాక్‌పిట్. అసలు సైజులో కావాల. బొమ్మ ముందర కూర్చుని చేతులు ఎక్కడికి పోవాలో ప్రాక్టీస్ చేస్తాము. అందరు పైలట్లూ చేసేదే."

"ఇంట్లో ఎక్కడ తగిలిస్తారు?"

"తగిలిస్తే అమ్మ అడుగుతాది," అన్నాడు అతను. మునీశ్వరి కాసేపు ఆలోచించి, ఫ్లెక్స్ రోల్స్ పెట్టే వెనకగది చూపించింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఓనరు భోజనానికి పోతాడు. ఆయన్ను అడిగితే, "నా గోడకు మేకులు కొట్టకుండా ఉంటే చాలు," అన్నాడట.

అలా ఆ గదిలో రోల్స్‌కు ఆనించిన కాక్‌పిట్ బొమ్మ ముందు రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు పడ్డాయి. కుడివైపు అతను. ఎడమవైపు, కెప్టెన్ సీట్లో, మునీశ్వరి. ఆమె చేతిలో చెక్‌లిస్ట్ కాగితం. పల్లె బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్‌తో ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివేది. ఒక్క మాట కూడా వదిలేది కాదు.

"ఇంతకీ మీరు చేసిన తప్పేంటి?" అని ఒకరోజు అడిగింది.

"ఆర్నెల్లకు ఒకసారి సిమ్యులేటర్‌లో పరీక్ష. విమానం లేచేటప్పుడు ఒక ఇంజను ఆపేస్తారు. నాలుగు వందల అడుగులు ఎక్కేదాకా ఏదీ ముట్టుకోకూడదు. తర్వాత ఏ లివర్ లాగాలో నేను గట్టిగా చెప్పాల. పక్కనాయన చూసి ఔను అనాల. అప్పుడు లాగాల."

"మీరు?"

"రెండు వందల అడుగుల్లోనే లాగేసినాను. ఎవర్నీ అడగలేదు. నేను లాగింది బాగున్న ఇంజను."

కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది మొరాయించి మొరాయించి స్టార్ట్ అయింది.

"నిజం విమానమైతే నూటెనభై మంది," అన్నాడు అతను.

"నిజం విమానం కాదు కదా. మళ్ళీ కూర్చోండి."

నాలుగు రోజులు ఆమె గమనించింది. అయిదోరోజు కాగితం కింద పెట్టేసింది. "సార్, మీ చెయ్యి ముందర పోతా ఉండాది. నోరు తర్వాత వస్తా ఉండాది. మీకు ఏమి చేయాలో తెలుసు. పక్కన మనిషి ఉండాడని తెలీదు."

అతనికి కోపం వచ్చింది. "ఫ్లెక్స్ వేసేవాళ్ళకి ఇదంతా తెలుసా?"

అన్న వెంటనే నాలిక్కరుచుకున్నాడు. బయట మబ్బు కమ్మింది, కరెంటు పోయింది. చినుకులు రేకుల మీద మొదలై, రెండు నిమిషాల్లో గది అంతా చప్పుడైంది.

"నేను పోను," అన్నాడు అతను చీకటిగా ఉన్న ఆ బొమ్మ వైపు చూస్తూ. "ఇంకొక్క అవకాశం ఇచ్చినారు. అందులోనూ పోతే ఉద్యోగమే లేదు. ఆ మాట వాళ్ళతో చెప్పించుకునేకంటే నేనే రాజీనామా రాసి, మామ నూనె, మిర్చి మండీలో కూర్చుంటాను."

వాన చప్పుడులో వినబడాలని మునీశ్వరి తన స్టూలు కొంచెం దగ్గరకు జరుపుకుంది.

"ఇక్కడ చేరిన కొత్తలో నేనొక పోస్టర్ వేసినాను. ఎవురైనా పోతే కన్నీటి అంజలి అని ఫోటో వేసి గోడలకు అంటిస్తారు కదా, అది. అన్నదమ్ములిద్దరి ఫోటోలు ఇచ్చినారు. పోయింది అన్న. నేను తమ్ముడి ఫోటో వేసినాను."

బాలచందర్ తల తిప్పాడు.

"నూరు కాపీలు. తెల్లారేసరికి ఊరంతా అంటించేసినారు. ఆ తమ్ముడూ తాతే. పొద్దున్నే పాలకు బయలుదేరి, తన పోస్టర్ తనే చూసుకున్నాడు."

నవ్వకూడదని అతను ఎంత ప్రయత్నించినా భుజాలు కదిలాయి.

"నవ్వండి, పరవాలేదు. ఆ రోజు నేను ఇంట్లో తలుపు వేసుకుని ఏడ్చినాను. షాపుకి పోనంటే పోనన్నాను. మర్నాడు మా నాయన సైకిల్ మీద నన్ను ఆ తాత ఇంటికే తీసకపోయినాడు."

"తిట్టినాడా?"

"కాఫీ ఇచ్చినాడు. ఫోటో బాగా వచ్చింది పాపా, అది దాచిపెట్టు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాది, అన్నాడు." ఆమె చీర కొంగుతో, కిటికీలోంచి కాగితం మీద పడిన చినుకులు తుడిచింది. "ఆ రోజు నుంచే గట్టిగా చదివిస్తా ఉండాను. నాకు తెలీక కాదు సార్ ఆ తప్పు చేసింది. తెలుసు అనుకుని, ఎవర్నీ అడక్కుండా చేసింది."

వాన తగ్గాక అతను స్టూలు సరిగా వేసుకుని కూర్చున్నాడు. "ఇందాక అన్న మాటకు... తప్పుగా అనుకోవద్దు."

"అనుకున్నాను. అయిపోయింది. మొదటి నుంచి చదివేదా?"

"చదువు," అన్నాడు. అప్పటిదాకా చదవండి అనేవాడు. ఇద్దరూ అది గమనించనట్టే ఉన్నారు.

*

విరుదునగర్‌లో మండపం ముందు బ్యానర్ కట్టడానికి షాపు వాళ్ళతోపాటు మునీశ్వరి కూడా వచ్చింది. తాడు బిగుస్తుండగానే గోవిందరాజ్ మామ కేక వేశాడు.

"ఏమ్మా, కెప్టెన్ ఎక్కడ? నేను చెప్పి రాయించిన మాట ఏమైంది? నూర్రూపాయలు తగ్గిస్తారా దానికి?"

మునీశ్వరి నోరు తెరిచేలోగా బాలచందర్ ముందుకు వచ్చాడు. "నేనే తీయించినాను మామా."

"ఏంటికిరా?"

చుట్టూ చుట్టాలు, మేళం వాళ్ళు, పట్టుచీరలు. మునీశ్వరి తాడు కొస పట్టుకుని నిలబడే ఉంది. అతను గుక్క తిప్పుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు. "పరీక్షలో ఫెయిలయినాను. లీవు కాదు. బుధవారం మళ్ళీ పరీక్ష ఉండాది. అందులో పోతే ఉద్యోగం పోతాది."

మేళం అతను డోలు మీద వేళ్ళు ఆపేశాడు. బాలచందర్ అమ్మ అళగమ్మాళ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ బ్యానర్ వైపు ఒకసారి, మేనల్లుడి వైపు ఒకసారి చూశాడు.

"ఇన్ని రోజులు ఎవురికీ చెప్పకుండా తిన్న కూడు ఎట్ల దిగిందిరా నీకు?"

"దిగలేదు మామా."

"ఔనౌను, ముఖం చూస్తేనే తెలుస్తా ఉండాది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పో, ముందు నాలుగు నూనె పరోటాలు తిను. బుధవారం సంగతి బుధవారం చూస్తాము. మిర్చి కొనుగోల్లో నేను ఎన్నిసార్లు బోల్తా పడినానో మీ అమ్మను అడుగు." అళగమ్మాళ్ కొంగు తీసి, "నేను చెప్పేదానికి మొదలుపెడితే నీ ఫంక్షన్ ఆగిపోతాది అన్నా," అంది. ఎవరో నవ్వారు, డోలు మళ్ళీ మొదలైంది.

సోమవారం మదురై నుంచి విమానం ఎక్కేముందు అతను షాపుకు వచ్చాడు. ఓనరు అక్కడే ఉన్నాడు. అతను కౌంటర్ మీద తన నంబర్ రాసిపెట్టి వెళ్ళాడు. అది ఆమెకు ముందే తెలుసు, ఆర్డర్ పుస్తకంలో ఉంది. అయినా ఆ కాగితం పర్సులో పెట్టుకుంది.

*

బుధవారం సాయంత్రం రోజూ ఎక్కే బస్సు తప్పిపోయి, అయిదున్నరకు ఆమె ఎట్టయాపురం పోయే వేరే బస్సు ఎక్కింది; అందులో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మధ్యాహ్నం నుంచి ఫోను చేత్తోనే పట్టుకుని ఉంది. ఊరు దాటి నల్లరేగడి చేలు మొదలయ్యాక మోగింది.

"పాస్," అన్నాడు అతను. "లివర్ దగ్గర చెయ్యి పెట్టి, అరిచినట్టు చెప్పినాను. పక్కనాయన చెవి గీరుకున్నాడు."

బస్సు గుంటలో పడి లేచింది.

"ఉండావా?"

"ఉండాను. బస్సులో ఉండాను."

"అయితే తర్వాత మాట్లాడతాను. ఒక సంగతి అడగాల."

"ఇప్పుడే అడగండి. ఇక్కడ ఎవురికీ మన మాట తెలీదు," అంది, ఇంజను చప్పుడు మీద గొంతు పెంచి.

"మీ ఇంటికి వచ్చి మీ నాయనను అడగాలని ఉండాది. పెళ్ళి గురించి. నీకు ఇష్టం లేకపోతే రాను. మొదట నువ్వు చెప్పాల."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవుల దాకా వేడెక్కింది. కానీ ఎవరికీ అర్థం కాదనే ధైర్యం ఉంది. "మీరు పోయిన మూడు రోజులూ ఒంటిగంట అయ్యేసరికి ఆ గదిలోకి పోయి ఖాళీ స్టూలు చూసి వస్తా ఉండాను. ఓనరు కూడా అడిగినాడు, ఏం పోగొట్టుకున్నావని. ఇంకేమి చెప్పాల?"

బస్సులో ఏదో తేడాగా అనిపించి తల తిప్పింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపేసి వెనక్కి తిరిగి ఉన్నారు. కండక్టర్ టికెట్టు చింపకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఈ రూట్లో మన మాట తెలీదా?" అన్నాడు కండక్టర్ తెలుగులో. "సగం బస్సు మనోళ్ళే కదమ్మా."

మునీశ్వరికి సీటు కిందకు దూరిపోదామనిపించింది. పక్కన కూరగాయల బుట్ట పెట్టుకున్న ముసలామె ఆమె మోకాలి మీద తట్టింది.

"రమ్మని చెప్పవే పాపా. నేను వచ్చే స్టాపులో దిగాల. వినకుండా దిగితే నాకు నిద్ర పట్టదు."

"ఎవరు వాళ్ళు?" అంటున్నాడు ఫోనులో బాలచందర్.

"ఆదివారం రండి," అంది మునీశ్వరి, బస్సంతా వింటుండగా. "మా నాయన ఇంట్లోనే ఉంటారు."

ముసలామె బుట్ట ఎత్తుకుని లేస్తూ ఫోను వైపు వంగింది. "పొద్దున రావద్దు నాయనా, పత్తి చేనికి మందు కొట్టేదానికి పోతాడు. మధ్యాన్నం మీద రా. ఈ పాప నాయన నాకు బాగా తెలుసు. అడిగిన వెంటనే ఔను అనడు గాని, కాదని మాత్రం అనడు."