పిండి అంటని అచ్చు

డార్కా ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజే ఒరెస్ట్ భోజనం దొంగిలించింది.

దొంగతనమని అతనంటాడు. శాంపిల్ తీసుకున్నానని ఆమె అంటుంది. జరిగింది మాత్రం ఇది. కెనడాలోని డాఫిన్ ఊళ్ళో పెరోగీ యంత్రాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి, తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె అతని డబ్బాలోంచి పెరోగీలను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి గాజు పళ్ళెంలో పేర్చుకుంటోంది. బంగాళదుంప, చీజ్ కూరి ఉడకబెట్టిన, కజ్జికాయల్లాంటి పెరోగీలవి. అతని నాయనమ్మ చేసినవి.

“అది నా భోజనమండీ,” అన్నాడు ఒరెస్ట్.

“తెలుసండీ. బాగా అంటుకునే పిండి ఎవరిదని అడిగితే అందరూ మీ డబ్బానే చూపించారు.”

ఒరెస్ట్‌కి ఒళ్ళు మండింది. అంటుకోవడమన్న మాటే అతనికి పడదు. యంత్రం డిజైన్ అతనిదే. అచ్చుల్లో పిండి అతుక్కుపోయినప్పుడల్లా యంత్రం కొన్న ఏ చర్చి వంటింటి నుంచైనా ఫోను అతనికే వస్తుంది. అందుకే ఒక స్ప్రింగ్ కనిపెట్టాడు. అచ్చు తెరుచుకోగానే అది పెరోగీని వెనకనుంచి తన్ని బయటికి నెడుతుంది. ఆ స్ప్రింగ్‌ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. తన్నులు తిన్న పెరోగీలు సగం పగిలిపోయేవన్నది వేరే సంగతి.

యజమానురాలు స్టెఫానియా విసిగిపోయి, వెనక షెడ్డులో ల్యాబ్ పెట్టించి, పిండి లోహాన్ని ఎందుకు పట్టుకుంటుందో తేల్చమని సాస్కటూన్ నగరం నుంచి డార్కాని రప్పించింది. శరదృతువులో జరిగే చర్చి విందుకి కొత్త అచ్చు పనిచేయకపోతే షెడ్డు మళ్ళీ గోడౌనేనని ముందే చెప్పేసింది.

“బజార్లో అంటుకోని పూత దొరుకుతుంది కదా, కొని పూస్తే పోలా?” అన్నాడు ఒరెస్ట్.

“అది అందరి దగ్గరా ఉంది. నాలుగు కడుగుళ్ళకి ఊడి పిండిలో కలుస్తుంది. అసలు పిండి ఎందుకు పట్టుకుంటుందో తెలిస్తే, ఎలా విడిపించాలో మనమే చెప్పొచ్చు.”

మాట బాగానే ఉందనిపించింది ఒరెస్ట్‌కి. రోజూ నాయనమ్మ కలిపిన పిండి తెచ్చిస్తూ వచ్చాడు. అతను అచ్చులకి పిండి అద్దేవాడు, ఆమె మైక్రోస్కోపులో చూసేది. పిండి అద్దే ముందు అతని అరచేతిలో థర్మామీటర్ పెట్టి పట్టుకునేది. ఒకరోజు అలా పట్టుకుని, “మీ చేతుల్లాంటి చేతులు నేనెక్కడా చూడలేదండీ,” అంది.

ఒరెస్ట్ ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాడు. మర్నాడు చేతులకి లావెండర్ క్రీము దట్టించి వచ్చాడు. ఆ రోజు పిండి దేనికీ అంటలేదు. డార్కా కంగారుపడి అచ్చులన్నీ మళ్ళీ కడిగించింది. చివరికి అతని చెయ్యి వాసన చూసింది.

“ఇదేంటి?”

“లావెండర్.”

“ఎందుకు?”

నిన్నటి మెచ్చుకోలు గుర్తుచేశాడు ఒరెస్ట్. ఫ్యాక్టరీ మొత్తంలో అతని అరచేతులే వేడి ఎక్కువనీ, అందుకే పిండి బాగా అంటుకుంటోందనీ, నిన్న తనన్నది అదేననీ ఆమె వివరించింది. ఒరెస్ట్ అలిగి గ్లోవ్స్ తొడుక్కున్నాడు. కొలత తీయాలంటూ ఆమె విప్పించింది.

ఆకులు రాలే వేళకి విషయం తేలింది. నున్నగా మెరిసే లోహాన్నే పిండి గట్టిగా కరుచుకుంటోంది. కంటికి కనపడనంత సన్నని గరుకు చెక్కితే, పిండికీ లోహానికీ మధ్య గాలి నిలిచి, తామరాకు మీద నీటిబొట్టులా పిండి జారిపోతోంది.

విందు రోజు హాలు కిటకిటలాడింది. డార్కా ఒరెస్ట్ యంత్రానికి కొత్త అచ్చు బిగించి మీట నొక్కింది. మొదటి పెరోగీ తూటాలా లేచి ఫాదర్ గారి సూపులో పడింది. రెండోది ట్యూబా వాయించేవాడి పెద్ద బాకాలోకి దూరింది. మూడోది గోడ మీదున్న మేయరు ఫోటో ముక్కుకి తగిలింది. జనం బల్లల కిందికి దూరారు. స్టెఫానియా లేచి, సోమవారానికల్లా షెడ్డు ఖాళీ చేయమని డార్కాకి నెమ్మదిగా చెప్పింది. డార్కా తల వంచుకుని అచ్చు విప్పబోయింది.

ఒరెస్ట్ ఆమె చెయ్యి ఆపాడు. “పిండి అంటుకోలేదు మేడమ్. అంటుకోలేదు కాబట్టే ఎగిరింది. తన్నింది నా స్ప్రింగ్. ఇక దాని అవసరం లేదు.”

స్క్రూడ్రైవర్ తీసుకుని, అందరూ చూస్తుండగానే స్ప్రింగ్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ మీట నొక్కాడు. పెరోగీలు పగలకుండా, చీలకుండా, వాటి బరువుకి అవే మెత్తగా జారిపడ్డాయి. ముందుగా ఫాదర్ గారే కంచం చాచారు. షెడ్డు సంగతి స్టెఫానియా మళ్ళీ ఎత్తలేదు. పైగా, పిండి కలిపే గిన్నెకి కూడా అంటకుండా చూడమంది.

బయట వాన. వంటింటి వెనక మెట్ల మీద డార్కా అతని పక్కన కూర్చుంది.

“ఆ స్ప్రింగ్ అంటే మీకు ప్రాణం కదా?”

“నా ప్రాణం మకాం మార్చి చాలా రోజులైందండీ.”

డార్కా అతని వైపు తిరిగింది. “చేతుల కొలతలు మొదటి వారంలోనే అయిపోయాయి.”

“మరి తర్వాత రోజూ పట్టుకున్నది?”

“ఊరికే పట్టుకుంటే బాగుండదని థర్మామీటర్ పెట్టేదాన్ని. నీకు ఇంకా అర్థం కాలేదా?”

ఆ ‘నీకు’ విని ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి థర్మామీటర్ లేకుండానే చెయ్యి చాచాడు.

వెనక తలుపు తెరుచుకుంది. విందు వంటలో సాయానికి వచ్చిన ఒరెస్ట్ నాయనమ్మ పిండి చేతులతో గుమ్మంలో నిలబడి, ఇద్దరినీ, ఇద్దరి చేతులనూ తీరిగ్గా చూసింది.

“అమ్మాయ్, నీకు చేత్తో పెరోగీ చుట్టడం వచ్చా?”

డార్కా సిగ్గుపడింది. “పిండి మీదే పరిశోధన చేశాను గానీ, చుట్టడం రాదు నాయనమ్మా.”

“మా వాడికీ రాదు. ఊరంతటికీ యంత్రాలమ్ముతాడు.” ఆవిడ తలుపు ఇంకాస్త తీసి పక్కకి తప్పుకుంది. “లోపలికి రండి. ఇద్దరికీ ఒక్కసారే నేర్పుతాను. రేపు మీ పిల్లలకి మీరు నేర్పాలి కదా.”