ముప్పై బన్నుల గిరాకీ

ఎకనామిక్స్ క్లాసులో గిరాకీ గురించి పాఠం జరుగుతుండగా, గిరాకీ లేని బన్నులు నలభై రెండు లోపలికి వచ్చాయి.

వాటిని మోసుకొచ్చింది కాలేజీ క్యాంటీన్ నడిపే అమ్మాయి. ట్రే తెచ్చి సరిగ్గా లెక్చరర్ హాజరు పట్టీ మీద పెట్టింది. చేతులకు పిండి, ముక్కు చివర పిండి, కళ్లలో నిప్పులు. లెక్చరర్ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతను ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో అతని క్లాసుకి ఎవరూ పిలవకుండా వచ్చిన మనిషి ఈమె ఒక్కతే.

“పొదుపు సారంటే మీరేనా?”

“పిల్లలు అలాగే అంటారండి,” అన్నాడతను.

“ఇవి ఇవాళ మిగిలినవి. నిన్న ముప్పై ఎనిమిది మిగిలాయి. మా నాన్న పద్దెనిమిదేళ్లు నడిపాడు, ఒక్కరోజు బన్ను మిగల్లేదు. మీరొచ్చారు, మిగులుతున్నాయి. ఏం నూరిపోశారు సార్ వీళ్లకి?”

అతను బోర్డు వైపు చూశాడు. సాక్ష్యం అక్కడే ఉంది. పోయిన వారం వేసిన బొమ్మను పిల్లలు చెరపనివ్వలేదు. ఒక బన్ను, ఒక టీ గ్లాసు, మధ్యలో రెండు గీతలు, అవతల సైకిల్.

మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి సార్‌ని ఆదుకోవడానికి లేచింది. ఏ అంకె కనబడినా దానికి వడ్డీ కట్టే అలవాటుంది కాబట్టి ఆ అమ్మాయిని అందరూ ‘వడ్డీ’ అంటారు.

“రోజూ బన్నూ టీ మానేసి ఆ డబ్బులు దాచుకుంటే ఏడాదికి సైకిల్ వస్తుందక్కా. మూడేళ్లకి చక్రవడ్డీతో కలిపి కంప్యూటర్. అందుకే అందరం ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నాం.”

“తెచ్చుకో తల్లీ. నువ్వు సైకిలెక్కే రోజుకి చూడ్డానికి నేనిక్కడ ఉండను.” ఆమె మళ్లీ లెక్చరర్ వైపు తిరిగింది. “రెండు నెలల్లో మా కాంట్రాక్టు అయిపోతుంది సార్. అమ్మకాలు ఇలాగే ఉంటే ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని తీసేసి, బటన్ నొక్కితే బిస్కెట్లు పడే మిషన్లు పెట్టిస్తారట. మీ పాఠంలో బన్ను తినేవాళ్లు ఉన్నారు. చేసేవాళ్లు ఏరి?”

జవాబు పుస్తకంలో ఉంది. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయమని ఏడో చాప్టర్లో రాశారు. వాళ్లు ఇంకా మూడో చాప్టర్లో ఉన్నారు.

ఆమె వెళ్లిపోయింది. ముక్కు మీద పిండి ఉందని ఎవరైనా ఆ అమ్మాయికి చెప్పారో లేదో అని అతను సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆర్థిక శాస్త్రంలో ఈ జబ్బుకి పేరు లేదు.

మర్నాడు క్లాసులో ఏడో చాప్టర్ ముందుకు లాగాడు. “పొదుపు మంచిదే, కానీ అందరూ ఒకేసారి ఖర్చు మానేస్తే అమ్మేవాళ్ల గతి ఏమిటి? కాబట్టి అప్పుడప్పుడూ ఒక బన్ను తినండి.”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. వడ్డీ లేచి, “సార్ మనల్ని పరీక్షిస్తున్నారు, ఎవరూ లొంగకండి,” అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అంత బాగా పాఠం చెప్పినందుకు అతను మొదటిసారి విచారించాడు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. గొడుగు లేక క్యాంటీన్ చూరు కింద నిలబడ్డాడు. గొడుగు స్టాఫ్ రూములోనే ఉందన్నది వేరే సంగతి.

కౌంటర్ వెనక వాళ్ల నాన్న, పెద్దాయన, స్టూలు మీద కూర్చుని వానని చూస్తున్నాడు. ఆమె టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఒక బన్ను కూడా ఇవ్వండి,” అన్నాడతను.

“ఎందుకు సార్, సైకిల్ పోతుంది.”

“నాకు సైకిల్ తొక్కడం రాదండి.”

ఆమె నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయన ఆపుకోలేదు. అతను బన్ను కొరికాడు. మెత్తగా, వెచ్చగా, లోపల కొంచెం తీపిగా ఉంది. దీన్ని మానేయమని అరవై మందికి బొమ్మ గీసి చెప్పినవాడు నిజంగా దుర్మార్గుడే అనుకున్నాడు. ఇది పోకూడదు, ఈ అమ్మాయి ఇక్కణ్ణించి పోకూడదు. వాన తగ్గేలోగా అతనొక నిర్ణయానికి వచ్చేశాడు.

అది ఎకనామిక్స్ లెక్చరర్ మాత్రమే చేయగల తప్పు. గిరాకీ లేదు కదా, సృష్టిద్దాం అనుకున్నాడు.

కాలేజీ వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు. రోజూ ముప్పై బన్నులు కొని తేవాలి, ఎవరికని అడిగితే పక్క వీధిలో ఆఫీసుకని చెప్పాలి.

“పక్క వీధిలో ఆఫీసు లేదు కదా సార్.”

“ఉందనుకో.”

“అనుకోవడానికి నాకు రోజుకి రెండు బన్నులు,” అన్నాడు వాచ్‌మన్. మధ్యవర్తి కమిషన్ గురించి అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అలా ఆఫీసు వెలిసింది. జీతంలో ముప్పై శాతం దాచుకోండని ఊరందరికీ చెప్పే మనిషి జీతంలో సగం బన్నులకు పోసాగింది. మొదటి మూడు రోజులూ అవి ఇంటికి చేరాయి.

“ఒరేయ్, పెళ్లి చేసుకోరా అంటే బన్నులు తెస్తావేంట్రా?” అంది వాళ్లమ్మ. “పక్కింటివాళ్లకి ఇచ్చాను, ఎదురింటివాళ్లకి ఇచ్చాను. ఇవాళ నన్ను చూసి తలుపేసుకున్నారు. ఎవర్రా ఆ అమ్మాయి?”

“ఏ అమ్మాయమ్మా?”

“బన్నులు ఊరికే రావు.”

దాంతో నాలుగో రోజు నుంచి క్లాసులో పంచడం మొదలుపెట్టాడు. సరైన జవాబుకి ఒక బన్ను. పిల్లలు విజృంభించారు. ఉచితంగా దొరుకుతుంటే కొనేవాడెవడు? కౌంటర్ దగ్గర అంతో ఇంతో కొనే నలుగురు కూడా మానేసి జవాబులు చదువుకోవడం మొదలుపెట్టారు.

అతను మాత్రం రోజూ సాయంత్రం టీకి వెళ్లేవాడు.

“కౌంటర్ అమ్మకం ఇంకా పడిపోయింది సార్,” అందామె ఒకరోజు గ్లాసులు తుడుస్తూ. “అయినా పర్లేదు. పక్క వీధి ఆఫీసువాళ్లు దేవుళ్లలా వచ్చారు. ఆ మేనేజరుగారికి చీటీ పెట్టాను, తీపి సరిపోయిందా అని. సరిపోయింది, ఇలాగే ఉండనివ్వండి అని జవాబు రాశారు. పాపం, పెద్దగా చదువుకున్నట్టు లేరు, చేతిరాత మూడో క్లాసు పిల్లాడిలా ఉంది.”

ఎడమచేత్తో రాస్తే అలాగే ఉంటుంది. దొంగకు తేలు కుట్టినట్టు అతను గుటకలు మింగుతూ టీ తాగాడు.

“మనసున్న మనిషి సార్. ఆయనకి పెళ్లయి ఉంటుందంటారా?”

“అయ్యే ఉంటుంది,” అన్నాడతను గభాలున. “ఇద్దరు పిల్లలు కూడా ఉండే ఉంటారు.”

“మీకెలా తెలుసు?”

“మేనేజర్లకి ఉంటారు కదండీ.”

ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. లేని మేనేజరు మీద అసూయ పడుతున్నానని తెలిసినా అసూయ తగ్గలేదు. తన డబ్బులతో, తన ఎడమచేత్తో, ఇంకొకడు ఆ అమ్మాయి మనసులో మంచివాడైపోతున్నాడు.

సరిగ్గా నెలయ్యాక ఆమె ఒక కాగితాల కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ రోజు ఆమె మొహం వెలిగిపోతోంది.

“బ్యాంకు లోను సార్. పెద్ద ఓవెన్ కొంటున్నాను. ముప్పై బన్నులు తీసుకునే ఆఫీసు ఒకటుంటే ఇంకో పది ఆఫీసులు ఉండవా? రేపు పదకొండింటికి బ్యాంకుకి వెళ్లాలి. సాక్షి సంతకం మీరు పెడితే ధైర్యంగా ఉంటుంది.”

అతను మొదటి పేజీ చూశాడు. అసలు, వడ్డీ, పదేళ్ల వాయిదాలు. నెలకు ఆదాయం అన్న గడిలో ఆమె నిజాయితీగా రాసిన అంకెలో ముప్పావు వంతు అతని జీతంలోంచి వచ్చిందే. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. చెబితే ఆమె మొహం కూడా చూడనివ్వదు. చెప్పకపోతే పదేళ్లు అప్పు కడుతుంది.

పెన్ను మూత పెట్టేశాడు.

“ఆ ఆఫీసు లేదండి.”

“మూసేశారా?”

“ఎప్పుడూ లేదు. ఆ ఆఫీసు నేనే.”

కౌంటర్ వెనక పెద్దాయనకి టీ పొలమారింది. ఆమె కదల్లేదు.

“మేనేజరు?”

“నేనే.”

“ఆ చేతిరాత?”

అతను ఎడమచెయ్యి చూపించాడు.

“బన్నులన్నీ మీరే తిన్నారా?”

“కొన్ని మా అమ్మ తింది. మిగతావి క్లాసులో పంచాను.”

“అంటే నా బన్నులు కొని, ఊరికే పంచి, నా గిరాకీని మీరే చంపారన్నమాట. మీకు ఎకనామిక్స్ ఎవరు నేర్పారు సార్?”

అతను తల వంచుకున్నాడు. ఇక నిండా మునిగినవాడికి చలేమిటని మిగిలింది కూడా చెప్పేశాడు. “మొదటి వారం నా తప్పు దిద్దుకుందామని చేశాను. తర్వాత నుంచి మీరంటే ఇష్టమై చేశాను. చాలా ఇష్టమండి. చెప్పే ధైర్యం లేక బన్నులు కొన్నాను.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు.

“నేను రోజూ పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి కలిపాను సార్. నా చేతి బన్ను ఎక్కడో ఎవరికో నచ్చింది, వాళ్లు అడిగి మరీ తెప్పించుకుంటున్నారు అనుకుని. అది అబద్ధమని ఇప్పుడు చెబుతున్నారు. డబ్బు పోతే పోయింది. నా బన్ను నిజంగా ఎవరికి కావాలో నాకు తెలియకుండా చేశారు.”

“నాకు కావాలండి.”

“మీ లెక్క వద్దు.” ఆమె కాగితాలు నిలువునా మడిచేసింది. “కాంట్రాక్టు ఇంకో నెలే ఉంది. ఈ నెల రోజులు మీరు ఇటు రాకండి. మీరూ, మీ వాచ్‌మనూ, మీ అమ్మగారూ, ఎవరూ నా దగ్గర కొనొద్దు. మీరు లేకుండా నా అమ్మకం ఎంతో నేను చూసుకోవాలి.”

అతను గ్లాసు కూడా ఖాళీ చేయకుండా లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసులో జరిగిందంతా చెప్పేశాడు, ఇష్టం సంగతి తప్ప. అది చెప్పనక్కర్లేకపోయింది, అరవై మందికీ ఎప్పుడో తెలుసు. ఉచిత బన్నులు ఆగిపోయాయి. డబ్బా తెచ్చుకోండనీ అనలేదు, కొనండనీ అనలేదు. లెక్క మీరే వేసుకోండన్నాడు.

వడ్డీ వేసింది. వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయింది. “సార్, మనం డబ్బా ఫ్రీ అనుకున్నాం. కూరలకి డబ్బులయ్యాయి. మా అమ్మ నా డబ్బా కోసం ఒక గంట ముందు లేస్తోంది. ఆ గంటకి మనం ఖరీదు కట్టలేదు.”

అవకాశ వ్యయం గురించి అతను రెండు వారాలు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో క్లాసంతటికీ ఎక్కింది.

అదే వారం క్యాంటీన్ గోడ మీద అట్టముక్క వెలిసింది. నెల మొదట్లో ఒకేసారి కట్టేవాళ్లకి రోజుకో బన్నూ టీ, విడిగా కొన్నదానికంటే చవక. ఆలోచన పూర్తిగా ఆమెదే. ఖర్చు ముందే తెలుస్తుంది కాబట్టి పిల్లలు దాన్ని తమ బడ్జెట్లో రాసుకున్నారు. సైకిల్ కొంచెం ఆలస్యమవుతుందని ఒప్పుకున్నారు.

లెక్చరర్ మాత్రం స్టాఫ్ రూము కిటికీలోంచి చూస్తూ నెల గడిపాడు. వాన పడితే చూరు కింద ఎవరెవరు నిలబడ్డారో లెక్కపెట్టేవాడు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ నోటికి చేదుగా తగిలేది.

“బన్నులేవిరా?” అని వాళ్లమ్మ అడిగితే జరిగింది చెప్పాడు.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల,” అందావిడ. ఆ తర్వాత కొడుకు మొహం చూసి, “కడుగుతున్నావుగా, కడుక్కో,” అని ఇంకో ముద్ద పెట్టింది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చింది. వెనకాల పెద్దాయన ఉన్నాడు. లెక్చరర్ లేవబోయి పుస్తకాలు కింద పడేశాడు.

“కాంట్రాక్టు మళ్లీ ఇచ్చారు సార్. మూడేళ్లకి.”

“చాలా సంతోషమండి.” నిజంగానే సంతోషించాడు.

“రోజుకి డెబ్బై బన్నులు పోతున్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. మీరు లేకుండా నెల రోజులు చూశాను, లెక్క తేలిపోయింది. క్యాంటీన్‌కి మీ అవసరం ఏమీ లేదు.”

“తెలుసండి,” అన్నాడతను కిందపడ్డ పుస్తకాల వైపు చూస్తూ.

“నాకే ఉంది.”

అతను తలెత్తాడు. ఆమె అప్పటికే గుమ్మం వైపు, నేల వైపు, వాళ్ల నాన్న చెప్పుల వైపు, అతని వైపు తప్ప అన్ని వైపులా చూస్తోంది.

“రోజూ సాయంత్రం ఐదింటికి ఊరికే చిరాకు పడుతోంది బాబూ,” అన్నాడు పెద్దాయన. “నెల రోజులుగా ఆ చిరాకు నేను భరిస్తున్నాను. ఇవాళ మీ అమ్మగారితో కూడా పెళ్లి సంగతి మాట్లాడి వచ్చాను. ఏదో ఒకటి త్వరగా చెప్పు, అక్కడ కౌంటర్ దగ్గర ఎవరూ లేరు.”

అతను సరేనన్నాడు. ముగ్గురూ గబగబా మెట్లు దిగారు. క్యాంటీన్ ముందు పిల్లలు అప్పటికే పొడుగాటి వరసలో నిలబడి ఉన్నారు. ఆమె లోపలికి వెళ్తూ వెళ్తూ అతనివైపు తిరిగి, వెళ్లి వరసలో చివర నిలబడమంది.