గోలు ముందరి దిమ్మ

బందరులో గిలకలదిండి రోడ్డు మీద మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. రాత్రి పది దాటితే ఆ గేటు ముందు ఎవరూ సైకిలు బెల్లు కూడా కొట్టరు. కరెంటు ఎప్పుడో తీసేశారు. అయినా ప్రతి ఎండాకాలం ఒక రాత్రి తలుపు కిందనుంచి చల్లటి నీళ్లు బయటికి పాకుతాయంటారు. లోపల సర్‌ర్‌ర్... మని ఏదో జారుతుంది. ఆ తర్వాత — టక్.

ఆ చప్పుడు ఒకప్పుడు ఊరందరికీ తెలిసిందే. 1995లో ఓనరు బంగార్రాజు గారు డిష్ టీవీలో ఐస్ హాకీ చూసి, "మన దగ్గర లేని ఐసా?" అని టీమ్ పెట్టేశారు. నెల జీతాలిచ్చి మరీ! ఐదుగురు ఆటగాళ్లు, గోలు కాయడానికి ఒక గోలీ. షెడ్డులో ఐస్ దిమ్మలు పక్కపక్కన పేర్చి, వాటిమీద ఆట. సరుగుడు కర్రలు, లారీ టైరు కోసి చేసిన బిళ్ల, బూట్ల కింద ఇనప పట్టీలు. అరగంటలో ముగించాలి, లేదంటే చెరువులో ఆడినట్టే. బరువెక్కువైతే దిమ్మ పగులుతుందని ప్రతివాణ్ణీ కాటా ఎక్కించాకే లోపలికి పంపేవారు.

పోటీకి గుడివాడ ఐస్ ఫ్యాక్టరీ వాళ్లూ టీమ్ దించారు. మూడు వేసవులు, పద్నాలుగు మ్యాచులు. చెరి ఏడు. తేల్చాల్సిన పదిహేనోది గుడివాడలో అనుకున్నారు.

అది జరగలేదు. నష్టాలతో రెండు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. గోలీ నతానియేలు మళ్లీ సముద్రం మీద వేటకెళ్లాడు... పడవ తిరిగి రాలేదు.

ఇక రోజా సంగతి. 2003 మే నెల, ఇరవై రెండేళ్ల పిల్ల. సొంతంగా రొయ్యల వ్యాపారం మొదలుపెట్టి, మొదటి లోడుకి రెండొందల కిలోలు పోగేసింది. వాడకట్టు వాళ్లంతా "నీ మీద నమ్మకంతోనే ఇస్తున్నాం" అని ఇచ్చిన సరుకు. తెల్లారేలోగా గుడివాడ చేరాలి. పాడైతే ఇంకెప్పుడూ ఆమె బుట్టలో ఒక్క రొయ్య కూడా వెయ్యరు.

సరిగ్గా ఆ సాయంత్రమే గాలివానకి కరెంటు లైను తెగింది. ఊళ్లో ఎక్కడా ఐస్ లేదు.

రాత్రి పన్నెండున్నర. ఐస్ కోసం తిరిగి తిరిగి ఒట్టి చేతులతో వస్తుంటే, మూతపడ్డ ఫ్యాక్టరీ ముందు ఆమె కాలికి చల్లగా తగిలింది.

నీళ్లు...

సర్‌ర్‌ర్... టక్.

రోజా రెండడుగులు వెనక్కి వేసింది. కానీ నీళ్లు చల్లగా ఉన్నాయంటే లోపల ఐస్ ఉన్నట్టే. తలుపు తోసింది.

పెట్రోమాక్స్ వెలుగులో ఐదుగురు మగాళ్లు. పొట్టలు పెరిగి, జుట్టు నెరిసి, చేతుల్లో కర్రలు పట్టుకుని ఆమెను చూసి కొయ్యబారిపోయారు.

"మీరా... అప్పారావు మావయ్యా?"

అప్పారావు ట్రాలీ ఆటో తోలతాడు. ఒకప్పుడు ఈ టీమ్ కెప్టెను. సిగ్గుతో గుసగుసగా అన్నాడు, "ఊళ్లో చెప్పకే తల్లీ. ఏడాదికోసారి పాత జనరేటరు తిప్పి, ఐస్ చేసుకుని ఆడుకుంటాం. పిల్లలకి తెలిస్తే నవ్విపోతారు."

"దెయ్యాలనుకుంటే నవ్వరా?"

"దెయ్యాలంటే పరువుందిగా."

నవ్వే టైము లేదు రోజాకి. "నాలుగు దిమ్మలు కావాలి మావయ్యా. మూడైతే సరుకు పామర్రు దాటదు. లెక్కేశాను."

"తీసుకో. ఆటోలో నేనే దింపుతా. కానీ..." అని గోలు వైపు చూపించాడు. "దాని ముందరి దిమ్మ మాత్రం వద్దు. అది నతానియేలుది. వాడు దాన్ని కర్రతో మూడుసార్లు కొట్టందే మేం ఆట మొదలెట్టేవాళ్లం కాదు. ఇప్పటికీ దానిమీద ఎవరం అడుగుపెట్టం."

గోడమీద వెలిసిన రంగులో పేర్లు, బరువులు. అప్పారావు 74... చివర్న — నతానియేలు, గోలీ, 68.

ఆడిన దిమ్మలన్నీ పగిలిపోయి ఉన్నాయి. వెతికితే గట్టివి మూడే దొరికాయి. వాళ్లు వాటిని మోసుకుంటూ బయటికెళ్లగానే, రోజా గోలు వైపు తిరిగింది.

"ఏమనుకోకు అన్నా," అని గొణిగింది. "ఊరి సరుకు."

కొక్కెం వేసి లాగింది. అది మిగతావాటిలా జారలేదు. ఎంత లాగినా... వెనక్కి లాగుతున్నట్టుంది. చేతులు మండుతుంటే ఎలాగో గుమ్మం దాటించి, గోనెపట్టా కప్పేసి, మూలన ఇంకోటి దొరికిందని వాళ్లతో చెప్పింది.

రెండు దిమ్మలు కొట్టి రొయ్యల్లో పోశారు. రెండు ఆటోలో చెరో పక్కన నిలబెట్టారు. పామర్రు మలుపులో అప్పారావు రెండుసార్లు దిగి టైర్లు చూశాడు.

"బండి ఎడమకి ఒరుగుతోందేంటే?"

రోజా గోనెపట్టా ఇంకాస్త కిందికి లాగింది. ఎడమవైపున్నది ఆ దిమ్మే.

గుడివాడలో కొనుగోలుదారు దైవాధీనం గారి షెడ్డు, ఒకప్పుడు పోటీ టీమ్ దించిన ఆ పాత ఐస్ ఫ్యాక్టరీ గోడకి ఆనించి వేసింది. ఆయన ఓ రొయ్య తల నొక్కి చూసి, "భేషుగ్గా ఉందమ్మా. రేపూ తెచ్చెయ్," అన్నాడు. రోజాకి ఊపిరాడింది. "ఆ మిగిలిన ఐస్ కూడా ఇచ్చెయ్. మాకూ లేదు. తూకం వెయ్."

మొదటి దిమ్మ — నలభై ఏడు కిలోలు.

రెండోది కాటా మీద పెట్టారు. ముల్లు నలభై ఏడు దాటింది... వంద దాటింది... నూట పదిహేను దగ్గర ఆగింది.

"కాటా చెడినట్టుంది," అన్నాడు దైవాధీనం. దించి మొదటిది మళ్లీ పెట్టాడు. నలభై ఏడు. రెండోది మళ్లీ పెట్టాడు. నూట పదిహేను.

రోజా పెదాలు కదిలాయి. నూట పదిహేనులో నలభై ఏడు పోతే...

అరవై ఎనిమిది.

అప్పారావు ఆమె ముఖం చూశాడు. పట్టా లేని దిమ్మని చూశాడు. దానిమీద ఇనప పట్టీల గీతలు రెండు — పక్కపక్కనే, తాజాగా. తిట్టలేదు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒరేయ్..." అన్నాడు మెల్లగా. "గుడివాడ వచ్చేశాంరా."

ముల్లు వణికింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. వంద... ఎనభై... అరవై... నలభై ఏడు.

దైవాధీనం కాటా దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

గోడ అవతల, ఆరేళ్లుగా తాళం తియ్యని ఫ్యాక్టరీలోంచి —

టక్.

టక్.

టక్.