మలుపు వైపు వెలుగు

కార్లు అమ్ముకునేవాడి కారే కాలువలో పడితే, వీధిలో వాళ్ళకు అంతకంటే వినోదం ఏముంటుంది?

ఆ సాయంత్రం సన్నటి వాన. మెయిన్ రోడ్డు నుంచి గుడి వీధిలోకి ఎడమకు తిరుగుతూ, తెత్సురో తన షోరూమ్ కారు ముందు చక్రాన్ని రోడ్డు పక్క కాలువలోకి దించేశాడు. ఆ త్సువానో ఊళ్ళో కాలువలకు మూతలుండవు. అందులో ఎర్రచేపలు బద్ధకంగా తిరుగుతుంటాయి.

"చేపలున్నాయి, చూసుకుని దిగండి."

తలెత్తి చూస్తే పసుపు గొడుగు. దాని కింద ఒక అమ్మాయి పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది. నవ్వు మాత్రం ఆగడం లేదు.

"చీకటండీ, కాలువ కనబడలేదు," అన్నాడు తెత్సురో.

"హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయిగా?"

"అవి ఎదురుగా వెలుగుతాయి. నేను తిరిగింది పక్కకి."

"అంటే ముందు తిరిగి, తరవాత చూస్తారన్నమాట." ఆమె తలుపు మీది షోరూమ్ పేరు చదివింది. "అయ్యో, వీటిని అమ్మేది మీరేనా? ఎలా పడాలో కూడా చూపిస్తారా?"

తెత్సురోకి రోషం వచ్చింది. "ఇది చవక మోడల్. దీని పై రకానికి కార్నరింగ్ లైట్లు ఉంటాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ పక్కకి ఇంకో దీపం వెలుగుతుంది. కాలువ అంచు, గోడ, నడిచే మనిషి, అన్నీ ముందే కనబడతాయి."

"కళ్ళున్నా కనబడతాయి."

ఇంతలో గుడి లోపలినుంచి ఒక పెద్దాయన, పూజారులు కట్టే లేతనీలం బట్టలు మోకాళ్ళ పైకి ఎగగట్టి, పరుగులాంటి నడకతో వచ్చాడు. "చిజురూ! నవ్వింది చాలు, వెళ్ళి తోఫూ అంగడాయన్ని పిలుచుకురా. బాబూ, నువ్వు స్టీరింగ్ దగ్గరుండు."

ఆయన షినొహారా, ఆ గుడి పూజారి. నవ్విన అమ్మాయి ఆయన ఒక్కగానొక్క కూతురు. తోఫూ అంగడాయనతో కలిపి ముగ్గురు పట్టి లేపితే కారు పైకొచ్చింది. అంతకుముందే కాలువలోకి దిగి చూసిన తెత్సురో ప్యాంటు మోకాలిదాకా తడిసింది. ఎవరింటి ముందు పడ్డాడో వాళ్ళింట్లో టీ తాగకుండా వెళ్ళడం ఆ ఊళ్ళో కుదరదు.

టీ తాగుతూ పూజారిగారు మెల్లగా అడిగారు. "ఆ పక్కదీపం సంగతి ఇంకోసారి చెప్పు బాబూ."

"నాన్నా!" అంది చిజురు, హెచ్చరికగా.

సంగతేమిటంటే, పోయిన నెల ఆయన తన కారుతో గుడి వాకిట్లోని రాతి దీపస్తంభాన్ని గీశారు. అప్పటినుంచి కూతురు, వయసు మీదపడింది, లైసెన్సు పోలీసులకు తిరిగి ఇచ్చేయమని ఒకటే పోరు. కొండమీది పల్లెల్లో పూజారి లేని గుళ్ళు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ ఈయనే దిక్కు. అక్కడికి బస్సు లేదు.

"నేను వెళ్ళకపోతే ఆ దేవుళ్ళకి దణ్ణం పెట్టేదెవరమ్మా?"

"మీరు ఎవరినైనా గుద్దేస్తే ఆ దేవుళ్ళకి సంతోషమా?"

ఇద్దరిదీ న్యాయమే. అందుకే తెగడం లేదు.

తెత్సురో ఊరుకోలేదు. రాతి దీపస్తంభం తగిలింది మలుపులోనే గదా, పక్కదీపం ఉంటే తగిలేది కాదు అన్నాడు. చిజురు చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకి అతని చేతిలో టీ చల్లారింది.

"సరే. ఆ కారు కొనండి నాన్నా. కొత్త సంవత్సరం దాకా చూస్తాను. ఈలోపు ఒక్కటి జరిగినా లైసెన్సు ఇచ్చేయాలి." అతని వైపు తిరిగింది. "మీ మాట నమ్మి ఒప్పుకుంటున్నాను. గుర్తుంచుకోండి సేల్స్‌మన్‌గారూ."

కొత్త కారు వచ్చింది. ఎవరు కొత్త కారు కొన్నా తలుపులన్నీ తెరిపించి, కాగితపు కుచ్చుల కర్ర ఊపి శుద్ధి చేసే పూజారిగారు, తన కారుకి తనే చేసుకోవలసి వచ్చింది. తలవంచి నిలబడవలసిన యజమాని స్థానంలో తెత్సురోని నిలబెట్టారు. పక్కన చిజురు. మంత్రం సాగుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు.

ఆ తరవాత కారుకి ఎక్కడలేని జబ్బులూ పట్టుకున్నాయి. టైర్లలో గాలి చూడాలని ఒక రోజు, వైపర్ రబ్బరు మార్చాలని ఇంకో రోజు తెత్సురో వచ్చేవాడు. చిజురు బడి వంటశాలలో పనిచేస్తుంది. ఆమె ఇంటికొచ్చే వేళకే ఆ జబ్బులు ముదిరేవి.

"మళ్ళీ వైపరా? మా ఊళ్ళో అంత వాన పడిందా?"

"ముందుజాగ్రత్తండీ."

"ఈ గుమ్మడికాయ కూర తిని చూడండి. రేపు పిల్లలకి పెట్టాలి. ముందుజాగ్రత్తగా మీ మీద పరీక్షిస్తున్నాను."

అతను మూడు గిన్నెలు తిన్నాడు. బాగుందని మాత్రం చెప్పలేకపోయాడు, నోరు ఖాళీ లేక.

కార్తె మారి పొద్దు కుంచించుకుపోయే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం షోరూమ్‌కి ఫోన్ వచ్చింది. చిజురు గొంతులో నవ్వు లేదు. "ఒకసారి రండి," అంది అంతే.

జరిగిందేమిటంటే, వంతెన దగ్గరి సిగ్నల్లో పూజారిగారు ఎడమకు తిరుగుతుంటే, నల్లకోటు వేసుకున్న పొరుగు ముసలావిడ తోమీ మామ్మ కూరల బండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. అడుగు దూరంలో బ్రేకు పడింది. ఆవిడకి ఏమీ కాలేదు గానీ, భయంతో రోడ్డు మీదే కూర్చుండిపోయింది. ముల్లంగులు దొర్లిపోయాయి.

"దీపం వెలగలేదు," అంది చిజురు, తెత్సురో గుడి వాకిట్లో అడుగుపెట్టగానే.

తెత్సురో కారెక్కి హెడ్‌లైట్లు వేశాడు, ఇండికేటర్ వేశాడు. ఎడమ పక్క నేలంతా తెల్లగా వెలిగింది. గులకరాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"వెలుగుతోందండీ..."

"మీకు వెలిగింది. తోమీ మామ్మకి వెలగలేదు. మీరు అమ్మింది దీపాన్ని కాదు, నాకు ధైర్యాన్ని. అది పనిచెయ్యలేదు."

పూజారిగారు లైసెన్సు తీసి బల్లమీద పెట్టారు. "రేపు సాయంత్రం వెళ్ళి ఇచ్చేస్తానమ్మా," అన్నారు, పిల్లవాడు బొమ్మ ఇచ్చేసినట్టు.

మీరు సరిగా చూసుకోలేదేమో అని తెత్సురో అనవచ్చు. ఏ సేల్స్‌మన్ అయినా అదే అంటాడు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేసి, "ఇచ్చేముందు అదే మలుపు ఒక్కసారి తిరుగుదాం, పెద్దాయనా. నేను పక్కన కూర్చుంటాను," అన్నాడు.

"మూలన నేను నిలబడతాను," అంది చిజురు.

మర్నాడు చీకటి పడే వేళ. చిజురు నల్ల రెయిన్‌కోటు వేసుకుని, తోమీ మామ్మ బండి అరువు తెచ్చుకుని, కాలిబాట మీద నిలబడింది. కారు వంతెన దాటింది. ఎర్రదీపం పడింది. పూజారిగారు నెమ్మదిగా ఆపారు, ఇండికేటర్ వేశారు. ఎదుటి వైపు నూడుల్స్ అంగడి వ్యాను ఒకటి ఆగి ఉంది.

అప్పుడు ఆయన కుడిచెయ్యి దానంతటదే కదిలింది. స్విచ్ తిరిగింది. హెడ్‌లైట్లు ఆరిపోయాయి.

"పెద్దాయనా!"

"నాన్నా!" బయటినుంచి చిజురు కేక. "మీరే ఆర్పేశారు!"

"ఆర్పకపోతే ఎలాగే?" ఆయన ఆశ్చర్యంగా అద్దం దించారు. "ఎదురుగా ఆగిన మనిషి కళ్ళల్లోకి దీపం గుచ్చుతూ కూర్చోవడం మర్యాదేనా? మలుపు తిరిగాక మళ్ళీ వేస్తాను. నలభై ఏళ్ళుగా చేస్తున్నదేగా!"

తెత్సురో నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. హెడ్‌లైటు ఆరితే పక్కదీపం కూడా వెలగదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఎర్రదీపం దగ్గర ఎదుటివాళ్ళ కోసం లైటు ఆర్పడమూ తెలుసు, వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుని తనూ రోజూ అదే చేస్తాడు. ఆ ఊళ్ళో మర్యాదస్తులంతా చేస్తారు. ఈ రెండూ ఒకే మలుపులో కలుస్తాయని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

కారు పక్కకి తీశాక, దిగి చిజురు ముందు తలవంచాడు. "తప్పు మీ నాన్నగారిది కాదు, దీపానిదీ కాదు. లైటు ఆర్పొద్దని చెప్పవలసినవాణ్ణి నేను. అన్నీ తెలిసీ చెప్పలేదు."

చిజురు కూరల బండిని కాలిబాట అంచుకి లాగింది. వాన చినుకు ఒకటి రెయిన్‌కోటు మీద జారింది.

పూజారిగారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆలోచిస్తున్నారు. "నాకు కనబడే మనిషికే ఇన్నాళ్ళూ మర్యాద చేశాను," అన్నారు చివరికి. "చీకట్లో నడిచే మనిషిని మాత్రం లెక్కలోకే తీసుకోలేదు. దేవుడు అడిగితే ఏం చెప్పను?"

"ఇప్పుడు చెయ్యండి నాన్నా," అంది చిజురు మెత్తగా. "ఇంకోసారి తిరిగి రండి."

మళ్ళీ ఎర్రదీపం. ఈసారి హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎదురుగా ఒక కుర్రాడి కారు. ఆయన కాసేపు నిప్పుల మీద కూర్చున్నట్టు అవస్థ పడి, ఉండబట్టలేక స్టీరింగ్ మీదికి నడుం వంచి, ఆ కుర్రాడికి నమస్కారం పెట్టేశారు. కుర్రాడు కంగారుపడి తనూ వంగాడు. పచ్చదీపం పడింది. కారు మెల్లగా ఎడమకు తిరిగింది. తెల్లటి వెలుగు కాలువ అంచు మీదుగా, చేపల మీదుగా పాకుతూ వచ్చి, నల్లకోటు వేసుకున్న చిజురుని నిలువెల్లా తడిపింది. కారు దూరంగానే ఆగింది.

ఆ వెలుగులో ఆమె కళ్ళు మెరవడం తెత్సురో చూశాడు. అది వాన కాదు.

ఇంటికి చేరాక పూజారిగారు, ఇచ్చేద్దామని వెంట తీసుకెళ్ళిన లైసెన్సుని మళ్ళీ జేబులో భద్రంగా పెట్టుకున్నారు. కూతురు వద్దనలేదు. "మంచు పడే రోజుల్లో మాత్రం బండి తీయకూడదు," అంది. ఆయన సరేనని లోపలికి వెళ్ళారు.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. తెత్సురో గొంతు సవరించుకున్నాడు. "ఆ వైపర్లకి అసలు ఏమీ కాలేదండీ. ఒక్కసారి కూడా."

"తెలుసు. పాత రబ్బరు తీసి మళ్ళీ అదే పెట్టేవారు. కిటికీలోంచి చూసేదాన్ని."

"మరి ఎందుకొచ్చేవాణ్ణో కూడా తెలుసా?"

"తెలియకపోవడమేం? అయినా లోపల ఉంటే చాలదు. స్విచ్ వేస్తేనే గదా ఎదుటివాళ్ళకి కనబడేది?"

తెత్సురో ఎన్నో కార్లు అమ్మిన నోటితో, ఒక్క ముక్క చెప్పడానికి చెమటలు పట్టించుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. రోజూ చూడాలని ఉంది, ఏ వంకా లేకుండా."

"అబ్బ! ఆ ఒక్క ముక్కకి ఇన్ని వైపర్లా!" ఆమె నవ్వింది. మొదటిరోజు కాలువ దగ్గర నవ్విన నవ్వు కాదు. అందులో వెక్కిరింత లేదు. "గుమ్మడికాయ కూర ఎలా ఉందో చెప్పలేదు మీరు. ఆ రోజంతా ఎదురు చూశాను."

"మూడు గిన్నెలు తిన్నానుగా!"

"గిన్నెలు మాట్లాడతాయా?"

లోపలినుంచి పూజారిగారి దగ్గు వినబడింది. ఆయన దగ్గుకి కారణం జలుబు కాదని ఇద్దరికీ అర్థమైంది. తెత్సురో చప్పున గడప దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాపకి ఆనేలా వంగాడు.

"పెద్దాయనా, మీ అమ్మాయిని..."

"ఏడిపించకుండా చూసుకుంటావా?"

"ఆమే నన్ను ఏడిపిస్తుందండీ."

"అది నాకు తెలిసిందే. నేను ముప్ఫై ఏళ్ళనుంచి పడుతున్నాను." ఆయన మొహంలో నవ్వు దాగలేదు. "లేచి కూర్చో బాబూ. చిజురూ, అన్నం పెట్టు. ఇవాళ్టినుంచి ఇతన్ని అతిథిలా చూడకు, గిన్నెలు కడగమను."

చిజురు అప్పటికే చేతులు పైకి మడిచి, అతనికో తువ్వాలు విసిరింది.