మైసయ్య కోసం కట్టిన విండో

"కోస్గి బస్సు పోయిందా?" అని సాల్మన్ అడగాలి. "ఇంకోటి ఉంది" అని విజేందర్ జవాబివ్వాలి. అదీ కోడ్. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర, పట్టపగలు పదకొండింటికి, సాల్మన్ అడగడమైతే అడిగాడు. జవాబు వినే లోపే, పక్కనుంచి దూసుకుపోయిన బైకు మీది చేయి అతని మెడలో విషపు సూది దింపేసింది.

"అన్నా... మా అమ్మ కాలువల ఉన్నది. రెండింటికి షట్టర్లు లేస్తయి," అంటూ విజేందర్ చేతుల్లో వాలిపోయాడు. దవాఖాన దాకా కూడా ప్రాణం ఆగలేదు. ఆరేళ్ల స్నేహితుడు. తనివితీరా ఏడవడానికైనా టైం లేదు విజేందర్‌కు.

చెవిలోని రిసీవర్‌లో గూఢచారి విభాగం చీఫ్ అండాలు గొంతు పలికింది.

"విను. కల్వకుర్తి అవతలి కాలువ షట్టర్లు 'స్కీమ్' అనే కంప్యూటర్ భాషకు సాల్మన్ రాసిన ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రాం మీద నడుస్తాయి. దానికి గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్, అంటే బటన్లు నొక్కే విండో, కలపడంలో సాయం చేసింది మన ఏజెంట్ నిరోష. డబుల్ ఏజెంట్ అని గంట కిందటే తెలిసింది. విదేశీ ముఠా ఆమె చేత లోపల టైమర్ పెట్టించింది. ఈ ఆయుధాన్ని కొనేవాళ్లు వరదను శాటిలైట్‌లో చూస్తారట. ఇది శాంపిల్!"

"కాలువలో ఎంతమంది?"

"పూడిక తీసే కూలీలు నూట పదిమంది."

"లష్కర్‌కు ఫోన్ చేస్తే?"

"నిరోష అతని పక్కనే కూర్చుంది. అనుమానం వచ్చినా, కూలీలు గట్టెక్కుతున్నట్టు కనిపించినా ఇప్పుడే షట్టర్లు లేపేస్తుంది. మెకానిక్ వేషంలో పో."

లష్కర్ అంటే షట్టర్లు చూసుకునే మైసయ్య. సాల్మన్ కన్నతండ్రి. అసలు ఆ విండో పుట్టిందే ఆయన కోసం. ఇంటర్‌ప్రెటర్‌కు టైపు చేసిన అక్షరాలు తప్ప ఇంకేం తెలియదు. మైసయ్యకా, అక్షరం ముక్క రాదు. "బాపు వేలుతోటి నొక్కితే పని అయిపోవాలన్నా, గట్ల కావాలె," అంటూ సాల్మన్ రెండేళ్లు తంటాలు పడ్డాడు. దించడానికి పచ్చ బటన్, ఎత్తడానికి ఎర్ర బటన్. ఒక్క లోపం మాత్రం మిగిలిపోయింది. ఇంటర్‌ప్రెటర్ ఏదైనా పనిలో ఉంటే, అది ముగిసేదాకా విండో బిగుసుకుపోతుంది. బటన్ పలకదు, టైమర్ కొట్టదు. ఆ సంగతి చెప్పడానికి పాపం ఎంత సిగ్గుపడేవాడో!

ఒంటిగంట యాభై తొమ్మిదికి విజేందర్ షట్టర్ల గదిలో అడుగుపెట్టాడు.

"సాల్మన్ పంపిండా సారూ?" మైసయ్య నవ్వుతూ లేచాడు.

"అవును బాపూ." విజేందర్ కంప్యూటర్ ముందుకు నడిచాడు.

పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఆ గదికి ఏమాత్రం నప్పని సెంటు వాసన. నిరోష హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "మీసం బాగానే అతికించుకున్నావు, విజేందర్. మౌస్ ముట్టుకోకు. ఇంకా నలభై సెకన్లే."

"గదేందమ్మా! కొడుకు పంపినోని మీదికి తుపాకి ఎత్తుతవా?" మైసయ్య ఆమె మణికట్టు పట్టేశాడు. ముప్పై ఏళ్లు చేతిచక్రం తిప్పి షట్టర్లెత్తిన పట్టు అది, వదులుతుందా? తూటా పైకప్పులోకి పోయింది.

విజేందర్ మౌస్ జోలికే పోలేదు. విండో అడుగున, ఎవరెంత వద్దన్నా వినకుండా సాల్మన్ ఉంచుకున్న టైపింగ్ గడి ఉంది. అందులో ఒక చిన్న ఫంక్షన్ కొట్టాడు. చివరి పనిగా మళ్లీ తనను తానే పిలుచుకుంటూ పోయేది, ఎన్నటికీ ముగియనిది. చాలా భాషల్లో అయితే అలాంటిది కాసేపటికి మెమరీ నింపుకొని కూలిపోతుంది. స్కీమ్‌లో కూలదు. ఎంటర్ నొక్కాడు.

గోడ గడియారం రెండు దాటింది. విండోలో అంకెలు మాత్రం 1:59:58 దగ్గరే ఆగిపోయాయి. షట్టర్లు కదల్లేదు.

అతను మోటార్ల వైర్లు కత్తిరించాడు. వెనకే వచ్చిన పోలీసులు నిరోషను జీపెక్కించారు. మైసయ్యకు సగమే అర్థమైంది. తలుపు దగ్గర నిలబడి, కాలువలో తట్టలు మోస్తున్న ఆడవాళ్లను చూపించాడు. "గా ముంగట ఉన్నదే మా సుక్కమ్మ. చెప్తే వినదు, పనికి పోతది."

తరువాత వచ్చి తెర మీద వేలుతో పొడిచి చూశాడు. "బిగుసుకపోయింది సారూ. ఏం ఫికర్ లేదు, మా సాల్మన్‌కు ఫోన్ కొట్టు. వాడొచ్చి జర సేపట్ల బాగుచేస్తడు."

నలభై ఊళ్లలో నలభై మారుపేర్లతో నదురూ బెదురూ లేకుండా అబద్ధాలాడిన మనిషి, ఒక్క నిజం చెప్పాల్సి వచ్చేసరికి అతికించుకున్న మీసం పీకేసి మైసయ్య చేయి పట్టుకున్నాడు.