పజుండౌంగ్‌కి దారి

పోలీసు దండాసిని బర్మా ఉత్తరాదికి బదిలీ చేశారని తెలిసినప్పుడు రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో తెలుగువాళ్ళంతా అయ్యో పాపం అన్నారు. అనాల్సిందే మరి. రంగూన్ నుంచి రైల్లో, బస్సులో, ఆపైన మోటారుసైకిలు మీద, చివరికి కాళ్ళీడ్చుకుంటూ నాలుగు రోజులు పోతే వచ్చే ఊరది. మంచుకొండల కింద నలభై గడపలు, రేకుల కప్పుతో ఒక పోలీసు ఠాణా. ఠాణాలో ఇద్దరుండాలి. రెండోవాడు జ్వరమని కొండ దిగిపోయి మళ్ళీ మొహం చూపించలేదు. దాంతో ఏడు నెలలుగా ఇన్‌స్పెక్టరైనా, జవానైనా, వంటవాడైనా దండాసే.

నేరాలంటారా, ఆ ఏడు నెలల్లో ఒక పంది తప్పిపోయింది. అదీ దానంతటదే ఇంటికొచ్చింది. రోజూ చేయాల్సిన పనల్లా అతిథుల పుస్తకం రాయడం. ఎవరింట్లో కొత్త మనిషి రాత్రికి పడుకున్నా పేరూ ఊరూ రాయించాలి. రంగూన్‌లో అయితే వార్డు ఆఫీసులో, ఇక్కడైతే దండాసి దగ్గర. ఆ మంచులోకి చుట్టపుచూపుగా వచ్చేదెవరు? వారాల తరబడి పుస్తకం తెరిచే పనే ఉండేది కాదు.

పనికన్నా ఒంటరితనమే అతన్ని నమిలేసింది. బర్మా మాట ఆ ఊళ్ళో నలుగురికి వస్తే గొప్ప. తెలుగు మాట చెవిన పడాలంటే ఆదివారం గంటన్నర కొండెక్కాలి. పైన ఒక బండ మీద నిలబడితేనే ఫోనుకి సిగ్నల్. అక్కణ్ణుంచి పెళ్ళాంతో, జయంతితో మాట్లాడుకునేవాడు. ఆమెకి ఎనిమిదో నెల, తొలి కానుపు. పజుండౌంగ్‌లో మూడో అంతస్తు వాటాలో ఒక్కత్తే ఉంటోంది. కానుపు నాటికి సెలవిస్తామన్నారు పై అధికారులు. ఆ కాగితం ఇంకా రాలేదు. అది వచ్చే రోజు కోసమే దండాసి పొద్దున్నే లేస్తున్నాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మధ్యాహ్నం వేళ ముసలి ఊరిపెద్ద ఠాణాకి వచ్చాడు. వాగు ఒడ్డున పాత గుడిసెలో ఎవరో ముసలాయన చచ్చిపడి ఉన్నాడట. ముందురోజు మంచుకొండల వైపు నుంచి దిగాడట. ఏ ఊరో, ఏ భాషో ఎవరికీ తెలియదు. మనుషుల్ని పోగుచేసుకుని సాయంత్రానికి వచ్చి పాతిపెడతామని, అందాకా శవం దగ్గర కూర్చోమని చెప్పాడు. నోరు మాత్రం విప్పొద్దన్నాడు. ఎందుకని దండాసి అడగలేదు. కొండవాళ్ళకి సవాలక్ష పట్టింపులు, అన్నిటికీ అర్థం అడుగుతూ కూర్చుంటే తెల్లారినట్టే.

గుడిసెలో తడిబూడిద వాసన. కుళ్ళిన వెదురు వాసన. తడిక సందుల్లోంచి మంచు లోపలికి పాకి వస్తోంది. కింద వాగు ఒకటే గొణుగుడు. ముసలాయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. చలికి వణుకుతూ వణుకుతూనే పోయినట్టున్నాడు. దండాసి తన దుప్పటి తీసి కప్పాడు. పుస్తకం తెరిచి, తేదీ వేసి, పేరు రాయాల్సిన చోట ఏమీ తోచక ఖాళీగా వదిలేశాడు.

గంట గడిచింది. పక్షి లేదు, కుక్క లేదు. మనిషి మాట లేని ఆ వాగు గొణుగుడుకి చెవులు హోరెత్తసాగాయి. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏటి తాతా, ఇంత చలిలో ఎక్కడికి బయలెల్లినావు?" అన్నాడు తెలుగులో.

తన మాట తనకే తియ్యగా వినబడింది. మాట్లాడే దిక్కు లేనివాడికి శవమైనా దిక్కే. ఇక నోరు ఆగలేదు. జయంతి సంగతి చెప్పాడు, పుట్టబోయే బిడ్డ సంగతి చెప్పాడు. మా రంగూన్‌లో చలన్నదే లేదు తాతా అన్నాడు. రైలు ఎక్కడ ఎక్కాలో, బస్సు ఎక్కడ దిగాలో, కాలవ వైపు ఏ సందులో తిరగాలో, చీకటి మెట్లమీద గోడ పట్టుకుని మూడో అంతస్తుకి ఎలా ఎక్కాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇల్లు కళ్ళముందు కనబడుతుంటే ఏడుపొచ్చింది. చివర్న, రైల్లో పరిచయమైనవాళ్ళకి కూడా మనం అనే మాటే, అలవాటుగా అనేశాడు.

"రంగూన్ వస్తే మా ఇంటికి రావాల తాతా. మొగమాట పడకు."

మాట్లాడుతున్నంతసేపూ అతని నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తూనే ఉంది. మాట ఆపి పెదాలు మూసుకున్నాడు.

ఆవిరి ఆగలేదు.

తన నోటి నుంచి కాదు... దుప్పటి అంచు దగ్గర్నుంచి. సన్నగా... ఆగి... మళ్ళీ.

దండాసి కదల్లేకపోయాడు. ఎంతసేపటికో చెయ్యి చాచి ముసలాయన చెంప తాకాడు. రాయిలా చల్లగా, బిగుసుకుపోయి ఉంది. ఆవిరి అప్పటికే లేదు. మంచులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఊరిపెద్ద మనుషులతో వచ్చాడు. వస్తూనే దండాసి మొహం చూసి, మాట్లాడావా అని బర్మాలో అడిగాడు. పోలీసువాడు శవంతో కబుర్లాడానని ఏ మొహంతో చెబుతాడు? లేదన్నాడు. చచ్చినవాళ్ళు మొదట విన్న దారినే పడిపోతారని, అందుకే తాతముత్తాతల చోటికి పెద్దవాడే దారి చెప్పి పంపాలని అప్పుడు చెప్పాడు ఊరిపెద్ద. శవం చెవి దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో చెప్పుకుంటూ పోయాడు. ఉన్నట్టుండి ఆపేశాడు. చెబుతున్నాను గానీ వినేవాడు ఇక్కడ లేడు అన్నాడు.

ఆ వారం తక్కిన రోజులు దండాసికి అన్నం సయించలేదు. ఆదివారం పొద్దెక్కకుండానే కొండెక్కాడు.

జయంతి గొంతు ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది. నిన్న సాయంత్రం చుట్టం వచ్చాడంది.

"నువ్వు పంపిన తాతే మావా. మన తెలుగు ఎంత బాగా మాటాడతాడో. అచ్చం నీ మాటే."

అన్నం ముట్టలేదట. పొయ్యి పక్కన కూర్చుంటానన్నాడట. పాపం, పెద్దవాడు దారంతా చలికి వణికిపోయాడంటూ జాలిపడింది. పోలీసు పెళ్ళాం కదా, వార్డు ఆఫీసులో రాయించాలని పేరడిగిందట.

"మీ ఆయన కాళీగా వదిలేసినాడులే అమ్మా అన్నాడు. ఎవురు మావా అతను?"

దండాసి బండ మీద కూలబడ్డాడు. నిజం చెబితే ఒంటరి మనిషి, అందులో ఎనిమిదో నెల, గుండె ఆగి చస్తుంది. చెప్పకపోతే... తను బయల్దేరినా నాలుగు రోజులు.

"జయంతీ, అతన్ని బయటికి పంపించు," అన్నాడు గుసగుసగా. "పంపించి తలుపేసుకో."

"పంపడానికి ఉంటే గదా. తెల్లారి లేచేసరికి మనిషి లేడు. గడియ లోపల్నించి ఏసినట్టే ఉంది."

ఫోను గరగరలాడింది. దండాసి లేచి, ఊపిరి బిగబట్టి, ఫోను చెవికి అదుముకున్నాడు.

"మావా, బయపడకు గానీ... ఇక్కడ ఫ్యాను కింద కూడా నాకు చెమటలు కారిపోతన్నాయి. కడుపులో బిడ్డ మాత్రం పొద్దున్నించి తన్నటం లేదు. ముడుచుకుపోయి, చలేసినోడిలాగ వణుకుతున్నాడు."